తెర ఏది? తీయువారెవరు?

దేవాలయమునకు వెళ్లినవారందరును ఎరిగిన దృశ్య మొకటి కలదు. గర్భాలయము ముందు జనులు నిలిచియుందురు. లోపల స్వామికి నైవేద్యము జరుగుచుండును. ద్వారమునకు అడ్డముగా ఒక తెర వ్రేలాడుచుండును. స్వామి అక్కడనే యున్నాడు, మనము ఇక్కడనే యున్నాము, నడుమ నున్నది ఒక గుడ్డ మాత్రమే. ఆ కొద్ది నిమిషములలో స్వామి ఎక్కడ నున్నాడని ఎవరును అడుగరు. తెర ఎప్పుడు తీయుదురని మాత్రమే అడుగుదురు.

త్యాగరాజస్వామి (1767–1847) తిరుమలకు వెళ్లినప్పుడు ఇట్టి తెరయే అడ్డుపడినదని ఐతిహ్యము. ఆ సందర్భమున గౌళిపంతు రాగములో ఆయన పాడినదని చెప్పు కీర్తన నేటికిని సంగీత సభలలో వినబడుచునే యున్నది. ఆయన తీయుమని వేడుకొన్నది వాకిటి తెరను కాదు, తనలోని మాత్సర్యమను తెరను. ఎదుట వ్రేలాడు గుడ్డను చూచి లోపలి తెరను జ్ఞప్తికి తెచ్చుకొనుట ఆ కీర్తనలోని విశేషము.

దైవాన్వేషణమును గురించి మాటలాడునప్పుడు మనము సాధారణముగా వెదకుట అను మాటను వాడుదుము. ఆ మాటలో దూరము ఇమిడియున్నది. పోయిన వస్తువును వెదకుదుము, తెలియని ఊరిలో తెలిసినవారి ఇల్లు వెదకుదుము. కాని మతములు చెప్పు మాటలను ఓపికతో వినినచో, అవి దూరమును గురించి చెప్పునది తక్కువ, అడ్డమును గురించి చెప్పునది ఎక్కువ. ఆ అడ్డమునకు ఒకరు తెరయనియు, ఒకరు మూతయనియు, ఒకరు గోడయనియు, మరియొకరు ఆవరణమనియు పేరు పెట్టిరి. కావున ఒక మతము దైవమును చేరుటకు చూపు త్రోవ ఎట్టిదో తెలియగోరినచో రెండు ప్రశ్నలు అడుగవలసి యుండును. ఈ మతము దేనిని తెర యనుచున్నది? ఆ తెరను తీయువా రెవరు?

మతములన్నియు ఒక్కటే యనుట సులభము. మా మతము వేరు, మీ మతము వేరు అనుటయు సులభమే. మొదటివాడు పొరుగువాని మాట వినకుండగనే తల ఊపుచున్నాడు. రెండవవాడు వినకుండగనే ముఖము త్రిప్పుకొనుచున్నాడు. ఇద్దరును వినుట లేదు. పై రెండు ప్రశ్నలను పట్టుకొని కొన్ని మతముల మాట వినుటకు ఇక్కడ ప్రయత్నింతము.

మొదట మనకు దగ్గరి గ్రంథముతో ఆరంభింతము. ఈశావాస్యోపనిషత్తు మిక్కిలి చిన్నది, అందులో నున్నవి 18 మంత్రములు మాత్రమే. దాని చివరి భాగమున ఒక ప్రార్థన కలదు. సత్యముయొక్క ముఖము ఒక పాత్రచేత మూయబడి యున్నదనియు, సత్యమును కోరువాడనైన నేను చూచునట్లుగా దానిని తొలగింపుమనియు అందులో ఋషి సూర్యుని వేడుకొనుచున్నాడు. ఆ మూత మట్టిది కాదు, ఇనుముది కాదు, బంగారుది. ఈ బంగారము సంగతి మనము జ్ఞాపకముంచుకొందము. చివర దీనితో పని కలదు.

అద్వైతవేదాంతులు ఈ తెరకు అజ్ఞానమని పేరు పెట్టిరి. మసక వెలుతురులో త్రాటిని చూచి పామని భ్రమించుట వారి ప్రసిద్ధమైన దృష్టాంతము. అక్కడ రెండు పనులు జరుగుచున్నవి. ఉన్న త్రాడు కనబడకుండ పోవుట ఒకటి, లేని పాము కనబడుట మరియొకటి. మొదటిదానిని ఆవరణశక్తి యనియు, రెండవదానిని విక్షేపశక్తి యనియు అందురు. ఆ పామును కర్రతో కొట్టిన ప్రయోజనము లేదు, మంత్రము వేసినను ప్రయోజనము లేదు, దీపము తేవలెను. పూజలు, వ్రతములు చిత్తమును శుభ్రము చేయును, కాని తెర అజ్ఞానమైనప్పుడు దానిని తొలగించునది జ్ఞానమొక్కటే యని వారి సిద్ధాంతము. అందుచేతనే గురుముఖమున వినుట, వినినదానిని విచారించుట, విచారించినదానిపై నిలుచుట అనగా శ్రవణ మనన నిదిధ్యాసనములు వారి త్రోవ అయినవి.

ఈ త్రోవను మిక్కిలి సూటిగా నడచి చూపినవాడు రమణమహర్షి. 1896 లో, మధురలో చదువుకొనుచున్న 16 ఏండ్ల బాలునకు అకస్మాత్తుగా మరణభయము కలిగెను. ఆ బాలుడు పారిపోలేదు, ఎవరిని పిలువలేదు. శవమువలె పడుకొని, చచ్చునది ఏది, చావక మిగులునది ఏది యని లోనికి చూచెను. ఆ సంవత్సరమే అరుణాచలము చేరి, 1950 లో దేహము చాలించువరకు అక్కడనే నిలిచెను. దేవుని ఎట్లు వెదకవలెనని అడిగినవారిని ఆయన వెదకువాడెవడో ముందు చూచుకొమ్మని వెనుకకు మరల్చుచుండెడివాడు. ఆయనకు భగవాన్ రమణమహర్షి యను పేరును 1907 లో ప్రకటించినది మన బొబ్బిలి ప్రాంతమున పుట్టిన కావ్యకంఠ గణపతిముని.

అదే వేదాంతమును వ్యాఖ్యానించిన రామానుజాచార్యుల మార్గము వేరు. ఆయనకు జగత్తు భ్రమ కాదు, అది భగవంతుని శరీరము. జీవునకు అడ్డముగా నున్నది అనాదిగా వచ్చుచున్న కర్మ. దానిని దాటుటకు భక్తియు, శరణాగతియు సాధనములు. ఐతే, తెర తీయువా రెవరను మన రెండవ ప్రశ్న ఆయన అనుయాయుల మధ్యనే ఒక చర్చకు కారణమైనది. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనవలెను. పిల్లిపిల్ల ఏమియు చేయనక్కరలేదు, తల్లియే దానిని నోట కరచుకొని పోవును. జీవుని పక్షమున కొంత ప్రయత్నము ఉండవలెనని వడగలై వారు మర్కటకిశోర న్యాయమును, స్వామి కృపయే సమస్తము చేయునని తెంగలై వారు మార్జాలకిశోర న్యాయమును చెప్పిరి. ఒకే దైవము, ఒకే ఆచార్యుడు ఉన్నచోట సైతము తెర తీయు చేయి ఎవరిది యను ప్రశ్న ఉండనే యున్నది. కనుక భిన్న మతముల మధ్య అది ఉండుట ఆశ్చర్యము కాదు.

ఇక జైన బౌద్ధములను చూతము. ఈ రెండును సృష్టికర్తయైన దేవుని ఒప్పుకొనవు. వీనిని దైవాన్వేషణమను శీర్షిక క్రింద చేర్చుట కొంత బలవంతమే యగును, ఆ సంగతి దాచనక్కరలేదు. ఐనను తెర అను మాట వారికిని కావలసి వచ్చినది. జైనులు కర్మను జీవునకు అంటుకొను సూక్ష్మమైన ద్రవ్యముగా చెప్పుదురు. జీవుని సహజజ్ఞానమును కప్పునది జ్ఞానావరణీయము, సహజదర్శనమును కప్పునది దర్శనావరణీయము. వీనికి మోహనీయ, అంతరాయములను చేర్చి ఘాతికర్మలు నాలుగని లెక్కించిరి. మేఘములు తొలగినచో సూర్యుని వెలుగు ఎక్కడనుండియో తేనక్కరలేదు, అది అక్కడనే యున్నది. నీరు కారు పడవలో ప్రయాణించువాడు ముందు రంధ్రమును మూయవలెను, పిదప చేరిన నీటిని తోడివేయవలెను. క్రొత్త కర్మ చేరకుండ ఆపుట సంవరము, చేరినదానిని రాల్చుట నిర్జర. ఈ పనిని ఒకరికొరకు మరియొకరు చేయజాలరు. తీర్థంకరుడు రేవును చూపును, దాటవలసినవాడు జీవుడే. ఈ మార్గమును బోధించిన మహాచార్యులలో నొకరగు కుందకుందుడు అనంతపురము జిల్లాలోని కొనకొండ్లకు చెందినవాడని పలువురు తలచుచున్నారు.

బుద్ధుడు చిత్తమును కప్పు నీవరణములు ఐదని చెప్పెను. అవి కోరిక, ద్వేషము, బద్ధకముతో కూడిన నిద్రమబ్బు, పశ్చాత్తాపముతో కూడిన చాంచల్యము, సంశయము. వీనిలో పరలోకమునకు సంబంధించినది ఒక్కటియు లేదు. ఇవన్నియు ఉదయము కన్నుతెరచినది మొదలు మనకు ఎదురగునవే. దైవమెవరను ప్రశ్నకు ముందు, ఈ క్షణమున నా చిత్తమును మూయుచున్న దేది యను ప్రశ్నను ఆయన నిలిపెను. అమరావతి శిల్పములలో తొలినాటి వానిని చూచినవారికి ఒక సంగతి స్ఫురించును. చుట్టును భక్తులు చేతులు మోడ్చి యుందురు. నడుమ బుద్ధుని విగ్రహమునకు బదులు ఖాళీ ఆసనమో, పాదముల గుర్తులో, బోధివృక్షమో ఉండును. కృష్ణాతీరపు శిల్పి రాతిని చెక్కి చూపిన ఖాళీ అది. చూడవలసినది ఒక రూపము కాదనుటకు ఇంతకంటె మౌనమైన సాక్ష్యము దొరకుట అరుదు.

పడమటి దేశమున పుట్టిన మతములలో తెర మరింత ప్రత్యక్షమైనది. యూదుల గ్రంథములో మోషే దేవుని మహిమను చూపుమని అడుగును. నా ముఖమును చూచి మానవుడు బ్రతుకజాలడని ఆయనకు ఉత్తరము వచ్చును. దేవుడు ఆయనను ఒక బండసందున ఉంచి, తన చేతితో కప్పి, దాటిపోయిన పిదప మాత్రమే వెనుకవైపు చూడనిచ్చును. ఇక్కడ కప్పుట శిక్ష కాదు, రక్షణము. ప్రత్యక్ష గుడారములోను, పిదప యెరూషలేము ఆలయములోను పరిశుద్ధ స్థలమునకును అతిపరిశుద్ధ స్థలమునకును నడుమ ఒక తెర ఉండెడిది. దానిని దాటి లోనికి పోవుటకు ప్రధానయాజకునకు మాత్రమే, అదియును ఏటికి ఒక దినమున మాత్రమే, అనుజ్ఞ. ఆ తెర పాపమునకును పవిత్రతకును నడుమ గీచిన గీత. జనుల దోషములే దేవుని ముఖమును వారికి మరుగు చేసినవని ప్రవక్తయైన యెషయా గ్రంథము చెప్పుచున్నది. క్రీ.శ. 70 లో రోమనులు ఆలయమును నాశనము చేసిరి. తెరయు పోయినది, గర్భాలయమును పోయినది. ఐనను యూదుల మతము నశింపలేదు. ధర్మశాస్త్రమును చదువుట, ప్రార్థించుట, ఆజ్ఞలను దినదినము ఆచరించుట అనునవి ఆలయమునకు బదులు నిలిచినవి. చూపునకు అందని దేవుడు మాటకు అందునను విశ్వాసమే వారిని కాపాడినది.

క్రైస్తవులు అదే తెరను గురించి మరియొక కథ చెప్పుదురు. యేసుక్రీస్తు సిలువపై ప్రాణము విడిచిన సమయమున ఆలయపు తెర పైనుండి క్రిందివరకు చినిగినదని సువార్తలు పలుకుచున్నవి. పైనుండి చినుగుట యను వివరమును వ్యాఖ్యాతలు శ్రద్ధతో గమనించిరి. క్రింద నిలిచిన మానవుని చేయి దానిని చింపలేదని వారి భావము. తెర పాపమైనప్పుడు, పాపియైనవాడు దానిని తానే తీయజాలడు, దేవుడే తీయవలెను. అందుచేత క్రైస్తవమున అన్వేషణము దిశ మారినది. లూకా సువార్తలోని ఉపమానమున నూరు గొఱ్ఱెలలో ఒకటి తప్పిపోవును. వెదకుచు బయలుదేరినది గొఱ్ఱె కాదు, కాపరి. మనము దేవుని వెదకుచున్నామని తలచుచుండగా, ఆయనయే మనలను వెదకుచున్నాడని వారి శుభవార్త. నాలుగవ శతాబ్దపు చివర అగస్టీను తన జీవితమును వ్రాసికొనుచు, తాను వెలుపల వెదకుచుండగా దేవుడు తనలోననే యుండెనని ఒప్పుకొనెను. వెదకువానికి త్రోవ తెలియకపోవుట అక్కడ పెద్ద లోపము కాదు, కాపరి పిలుపు వినియు మరలకుండుట లోపము.

ఇస్లామునకు దైవము అత్యంత సమీపుడు. మనిషి మెడలోని రక్తనాళముకంటెను తాను దగ్గరగా నున్నానని దేవుడు పలికినట్లు ఖురాను చెప్పుచున్నది. దేవుడు మానవునితో మాటలాడుట ప్రేరణచేతనో, తెర వెనుకనుండియో, దూతద్వారమునో జరుగునని అదే గ్రంథము మరియొకచోట చెప్పుచున్నది. అంత సమీపమున నున్నవాడు కనబడకుండుటకు కారణము మరపు. దానిని గఫ్లత్ అందురు. మరపునకు మందు స్మరణము, అనగా జిక్ర్. దినమునకు ఐదుమారులు నమాజు చేయుట ఆ మరపును ఐదుమారులు తొలగించుటయే. పదునొకండవ శతాబ్దమున గజనీ ప్రాంతమున పుట్టి లాహోరులో స్థిరపడిన అలీ హుజ్వీరీ పారసీకభాషలో సూఫీ మార్గమును గురించి కష్ఫుల్ మహ్జూబ్ అను గ్రంథమును రచించెను. మరుగైనదానిని విప్పి చూపుట అని ఆ పేరునకు అర్థము. అందులో ఆయన 11 తెరలను ఒకదాని వెనుక నొకటిగా తొలగించుచు పోవును. మొదటిది దైవజ్ఞానమునకు సంబంధించినది, నడుమ ప్రార్థన, దానము, ఉపవాసము, యాత్ర మున్నగునవి వచ్చును, చివరిది సంగీతశ్రవణము. తెర తీయుమని పాడిన త్యాగరాజస్వామిని ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. తెర తీయువా రెవరను ప్రశ్నకు ముస్లిములలో ప్రసిద్ధమైన ఒక హదీసు చక్కని ఉత్తర మిచ్చుచున్నది. దాసుడు తనవైపు జానెడు వచ్చినచో తాను మూరెడు వత్తునని దేవుడు చెప్పినట్లు అందులో కలదు. ప్రయత్నము మనది కావలెను, కాని దూరము తగ్గుట మన ప్రయత్నమునకు సరిపడు లెక్కలో జరుగదు.

గురునానకు (1469–1539) రచించిన జప్‌జీ సిక్కుల పవిత్ర గ్రంథమునకు ఆరంభము. అందులో తొలి భాగముననే మన ప్రశ్న కనబడును. అసత్యమను అడ్డుగోడ ఎట్లు కూలునని అడిగి, దైవాజ్ఞకు లోబడి నడచుటచేతనని గురువు సమాధానము చెప్పెను. ఆ గోడను కట్టినది హౌమై, అనగా నేను నేనను అహంభావము. అహంభావము తర్కముచేత పోవునది కాదని ఆ మార్గమువారు ఎరుగుదురు. అందుచేతనే గురుద్వారములలో లంగరు ఏర్పడినది. ధనికుడును దరిద్రుడును, ఏ కులమువాడైనను ఏ మతమువాడైనను, ఒకే వరుసలో నేలపై కూర్చుండి భుజింతురు. వడ్డించువాడు వంగవలెను, తినువాడును చేతులు చాపవలెను. ఆ గోడనుండి రాళ్లు రాలుట అక్కడ ఆరంభమగును.

ఇంతవరకు చెప్పినదానికి ఎదురునిలిచిన మాట యొకటి కలదు. దైవమను భావమే తెర యని చెప్పినవారు మన తెలుగునాటనే యున్నారు. గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975), గోరా యను పేర ప్రసిద్ధులు, 1940 లో కృష్ణాజిల్లా ముదునూరులో నాస్తికకేంద్రమును స్థాపించిరి. దేవునిపై భారము వేయుటచేత మానవుడు తన బాధ్యతను మరచుచున్నాడనియు, ఆ తెర తొలగినగాని అస్పృశ్యత వంటి అన్యాయములు తొలగవనియు వారి నమ్మకము. వారు గాంధీమహాత్మునితో ఈ విషయమై చర్చించిరి, ఆ అనుభవములను 1951 లో ఒక ఆంగ్ల గ్రంథముగా ప్రకటించిరి. గాంధీజీ వారిని త్రోసివేయలేదు. దేవుడే సత్యమని మునుపు చెప్పుచుండిన ఆయన, సత్యమే దేవుడని తన వాక్యమును తిరుగవేసినట్లు 1931 లో స్విట్జర్లాండులో వివరించి యుండెను. దేవుని కాదనువాడు కూడ సత్యమును కాదనడని ఆ మార్పునకు కారణము. ఒక భక్తుడును ఒక నాస్తికుడును ఒకే పనిలో కలియుటకు ఆ మాట చాలినంత చోటు ఇచ్చినది.

ఇప్పుడు మనము జ్ఞాపకముంచుకొనిన బంగారు మూత యొద్దకు తిరిగి వత్తము. సత్యమును మూయునది చీకటి కదా, మరి ఉపనిషత్తు దానిని బంగారమని ఎందుకు చెప్పవలెను? అదే ఉపనిషత్తు మరియొకచోట, అవిద్యను ఉపాసించువారు చీకటిలో పడుదురనియు, విద్యయందే మునిగినవారు అంతకంటె దట్టమైన చీకటిలో పడుదురనియు హెచ్చరించుచున్నది. భాష్యకారులు ఆ మంత్రమునకు వేరువేరు అర్థములు చెప్పిరి. మాకు తోచినంతలో, మెరయునది కూడ కప్పగలదను హెచ్చరిక ఆ రెండింటను కలదు.

ఈ సంగతిని తన బ్రతుకుతో నిరూపించినవాడు ఇమాము గజాలీ (1058–1111). బగ్దాదులోని నిజామియా విద్యాలయమున ఆయన మహాచార్యుడు. ఆనాటి పండితులలో ఆయన పేరు ఎరుగనివారు లేరు. అట్టివాడు 1095 లో ఒకనాడు పాఠము చెప్పబోగా నోట మాట రాలేదు. తన బోధలో దైవమునకంటె కీర్తికే ఎక్కువ చోటున్నదని ఆయన తన్ను తాను పరీక్షించుకొని తెలిసికొనెను. పదవిని విడిచి పెట్టి సంవత్సరముల తరబడి సంచారము చేసెను. ఆ పిమ్మట వ్రాసిన మిష్కాతుల్ అన్వార్ అను గ్రంథమున, దైవమునకు వెలుగుతోను చీకటితోను ఏర్పడిన డెబ్బది తెరలు కలవను సాంప్రదాయిక వచనమును ఆయన వివరించెను. చీకటితెర వెనుకనున్నవారు కొందరు, వెలుగును చీకటియు కలిసిన తెర వెనుకనున్నవారు కొందరు, కేవలము వెలుగు తెర వెనుకనున్నవారు మరికొందరు. చీకటి అడ్డుపడినచో మనకు తెలియును, కాలు తడబడును. వెలుగు అడ్డుపడినచో తెలియదు, ఎదుట వెలుగే కనబడుచుండును గాన చేరితిమనుకొందుము.

ఆశ్చర్యమేమనగా, ఈ హెచ్చరిక ఒక్క మతమునది కాదు. యేసు చెప్పిన ఉపమానమున పరిసయ్యుడును సుంకరియు ప్రార్థనకు వత్తురు. పరిసయ్యుడు తన ఉపవాసములను, తన దానములను లెక్కచెప్పి, ప్రక్కవానివంటివాడను కానందుకు దేవునికి కృతజ్ఞత తెలుపును. సుంకరి తల యెత్తక కరుణింపుమని మాత్రమే వేడును. ఇంటికి నీతిమంతుడై వెళ్లినవాడు సుంకరి. బుద్ధుడు తన ధర్మమునే తెప్పతో పోల్చెను. ఏటిని దాటించినది గదాయని తెప్పను తలకెత్తుకొని నడచువాడు వివేకి కాడని చెప్పెను. నానకుయొక్క హౌమై పాపికే కాక పుణ్యాత్మునకును కలదు. త్యాగరాజస్వామి తీయుమని వేడుకొనిన మాత్సర్యము సామాన్యుని మాత్సర్యము కాదు, కోట్లకొలది రామనామము జపించినవాడని పేరొందిన భక్తుడు తనలో కనుగొనిన మాత్సర్యము.

ప్రతి మతమును ఒక తెరను తీయుటకు ఒక దీపము వెలిగించినది. పిదప తన అనుయాయులను చూచి, ఆ దీపపు వెలుగునే తెరగా చేసికొనవద్దని హెచ్చరించినది. మతముల మధ్య భేదములు నిజమైనవి. అజ్ఞానము, కర్మ, పాపము, మరపు, అహంభావము అనునవి ఒకే వస్తువునకు పెట్టిన వేరువేరు పేర్లు కావు. అజ్ఞానమునకు జ్ఞానము మందు, పాపమునకు క్షమ మందు, మరపునకు స్మరణము మందు. ఒకని మందును మరియొకనికి చీటీ చూడక ఇచ్చుట తగదు. కాని ఈ చివరి హెచ్చరికలో అన్ని స్వరములును కలియుచున్నవి. నేను చేరితిని, నీవు చేరలేదను గర్వమే అన్నింటికంటె దట్టమైన తెర.

దీనివలన మన నిత్యజీవితమున ఒక ప్రయోజనము కలదు. మన వీధిలో గుడి యుండును, మసీదు ఉండును, చర్చి యుండును. పండుగలకు మిఠాయిలు ఇచ్చిపుచ్చుకొందుము. కాని పొరుగువాని మతమును గురించి వానిని అడిగి తెలిసికొనువారు కొద్దిమంది. అడిగినను, మీ దేవు డెట్టివాడని అడుగుదుము. ఆ ప్రశ్నకు వచ్చు ఉత్తరము చాలసారులు తన మతపు గొప్ప యగును, దానికి మనము మన గొప్పను ఎదురు చెప్పుదుము, సంభాషణ వాదమగును. దానికి బదులు, మీరు దేనిని తెర యందురని అడిగి చూడవచ్చును. ఆ ప్రశ్నకు ఉత్తరము చెప్పువాడు తన గొప్పను చెప్పుకొనలేడు. తనకు అడ్డుపడుచున్న కోపమునో, లోభమునో, మరపునో చెప్పవలసి వచ్చును. వినుచున్న మనకు అది ఎక్కడనో వినినట్లు, మన ఇంటిలోనిదే యైనట్లు తోచును. అప్పుడు ఇరువురి నడుమ నున్న మరియొక తెర కొంత జరుగును.

గర్భాలయము ముందర వేచియున్న జనులలో ముందు వరుసవారును ఉందురు, వెనుక వరుసవారును ఉందురు. ముందున్నవాడు తాను స్వామికి దగ్గరనున్నానని సంతోషించుట సహజము. కాని తెర తీయువరకు వానికిని, అందరికంటె వెనుక స్తంభమును ఆనుకొని నిలిచిన ముదుసలికిని కనబడునది ఒక్కటే. అది తెర. ఆ సంగతిని మరువక నిలిచియుండుటయే అన్వేషణమునకు ఆరంభమని మా విశ్వాసము.